అమ్మ పడుకోబెట్టిన సైనికుడు

ఈ మధ్యాహ్నం చెన్నై కోడంబాక్కంలో మా భోజనాల బల్ల మీద యుద్ధం జరిగింది. నేనూ నా స్నేహితుడు శేఖరూ వేలెడంత బొమ్మ సైనికులతో ఆడే ఆట. ఇన్నాళ్లూ ఏ దళం బెదిరిందో, ఏది ఓడిందో తెలియడానికి పక్కన రంగు గుండీలు పెట్టేవాళ్లం. రణరంగం కాస్తా దర్జీ కొట్టులా కనిపించేది. అందుకే ఈ రోజు గుండీలు మానేసి నేనే కొత్త నియమం పెట్టాను. బెదిరిన దళాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టాలి. ఓడిన దళంలో జెండా పట్టుకున్నవాణ్ణి పడుకోబెట్టాలి.

గెలుపు నాదేనన్న ధీమాతో శేఖర్‌ని కాఫీకి బాల్కనీలోకి తీసుకెళ్లాను. తిరిగొచ్చి చూస్తే నా ముఖ్య దళంలో జెండావాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడదాకా చేతిరుమాలు కూడా కప్పి ఉంది!

"రూలు నీదే గదా మచ్చా, ఓడిపోయినావు!" అని శేఖర్ గెంతాడు.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "నేనేరా పడుకోబెట్టింది. మీరు లేచి ఆడికి పోతే ఆట అయిపోయిందనుకున్నా. దసరాకి బొమ్మల కొలువు తీసే ముందు ఒక బొమ్మనన్నా నిద్రపుచ్చమా?"

ముగ్గురం పగలబడి నవ్వాం. అయినా గెలుపు తనదేనంటున్నాడు శేఖర్. మీరే చెప్పండి, అమ్మ దుప్పటి కప్పి పడుకోబెట్టినవాణ్ణి ఓడిపోయాడని ఎవరైనా అంటారా?