పరుపులో పసుపుకొమ్ము

ముదిగుబ్బ బజారులో దూదేకుల దస్తగిరమ్మ చేతులు దబ్బనాన్ని పరుపులోకి దించి పైకి లాగుతున్నాయి. ఏకిన దూది కనుబొమల మీద నెరిసినట్టు పేరుకున్నా ఆమె తుడుచుకోదు. ఊళ్లోకి స్పాంజి పరుపులు వచ్చినా పెండ్లికి మాత్రం ఆమె కుట్టిందే కావాలంటారు. ఎవరింటి పెండ్లి పరుపైనా సరే, బిస్మిల్లా అని దూదిలో ఒక పసుపుకొమ్ము పెట్టి, ఆ తర్వాతే తలవైపు మూల మూసేస్తుంది. అది వాళ్లమ్మ నేర్పిన పని. ఈ పరుపు తమ్ముడు మాబు కూతురిది. మతబోధ చేస్తూ ఊరూరా తిరిగే జమాతుతో వెళ్లి వచ్చినప్పటి నుంచి మాబు, పసుపు మన మతంలో లేదంటున్నాడు. చెప్పకుండా పెడితే తమ్ముడిని మోసం చేసినట్టు, మానేస్తే అమ్మను కాదన్నట్టు. అందుకే ఆ మూల కుట్టకుండా వదిలి, పక్కనే కొమ్ము పెట్టుకుని కూర్చుంది.

మాబు వచ్చి చూశాడు. "మళ్లా ఇదేందక్కా? వద్దని చెప్పినా కదా!"

"నీ పెండ్లి పరుపులోనూ అమ్మ పెట్టిన కొమ్ముండాది. ఇన్నేండ్లూ దాని మీదే పండుకుంటాండావు. నీ నమాజు ఏమన్నా చెడిందా?"

మాబు గడ్డం నిమురుకున్నాడు. నవ్వు ఆగలేదు.

"అమ్మ చేత్తో పెట్టిందా?"

"అమ్మ పెట్టింది, నేను కుట్టినా."

అతను ఆమె పక్కన చతికిలబడ్డాడు. "సరే, కానీయ్. బిస్మిల్లా నేనంటా."

బిస్మిల్లా అన్నాడు. ఆమె కొమ్మును దూదిలోకి తోసి, మూల కుట్టి, దారాన్ని పంటితో కొరికింది. పరుపు చుట్టి తమ్ముడి తలకెత్తింది.