యోర్దిస్ చేపనూనె మానేసిన వైనం

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో యోర్దిస్ నోటికి పాస్టరు కూడా జడిసేవాడు. నలభై ఏళ్లు చేపల షెడ్డులో కాడ్ చేపలు కోసిన మనిషి. డెబ్బై రెండో ఏటా ఏ జబ్బూ దగ్గరికి రాలేదంటే, అదంతా కాడ్ కాలేయపు నూనె చలవేనని ఆమె నమ్మకం. ఊరంతా పొద్దున్నే చెంచాడు తాగితే ఆమె కాఫీ కప్పుడు తాగేది. చలికాలమంతా చేపతో పాటు కాలేయమూ ఉడికించుకు తినేది. అదీ చాలనట్టు, బెర్గెన్ నుంచి చెల్లెలు పంపే విటమిన్ ఎ మాత్రలు రోజుకు మూడు మింగేది.

మాత్రలు మొదలెట్టిన రెండేళ్లకు తలనొప్పి పట్టుకుంది. పెదవులు పగిలాయి, అరచేతుల తోలు పొరలుగా ఊడింది, జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చింది. సత్తువ తగ్గిందనుకుని ఆమె ఇంకో అరకప్పు పెంచింది. కాస్త తగ్గించమన్న భర్త ఐనార్‌ను, ముందు నీ మోకాళ్ల సంగతి చూసుకోమని నోరు మూయించింది.

ఫిబ్రవరిలో ఒకరోజు వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నొప్పి కన్నా, మంచు మీద కాకుండా పొడి నేల మీద పడ్డానన్న నామోషీయే ఆమెను ఎక్కువ బాధించింది. ఆస్పత్రిలో ఎముకకు ఆపరేషన్ చేసి, రక్తం పరీక్షించారు. రోజూ ఏం తింటావని డాక్టర్ మారిట్ అడిగితే యోర్దిస్ గొప్పగా ఏకరువు పెట్టింది. జాలరి కూతురైన మారిట్ రాయడం ఆపేసింది.

"పెద్దమ్మా, విటమిన్ ఎ ఎక్కువైతే ఒంటేలు పోసి వదిలించుకునే రకం కాదు. కాలేయంలో తిష్ఠ వేస్తుంది. నీ కాలేయం వాచింది, ఎముకలు గుల్లబారాయి."

"మా అమ్మ ఇదే నూనె తాగి తొంభై ఏళ్లు బతికింది."

"ఆవిడ చెంచాతో తాగింది. నువ్వు పడవకు తారు పట్టించినట్టు పట్టించావు."

యోర్దిస్ తన అరచేతుల కేసి చూసుకుంది. ధ్రువపు ఎలుగుబంటి కాలేయం తిన్నవాడి తోలు ఊడుతుందని తాత చెప్పిన మాట గుర్తొచ్చింది.

"అయితే ఇప్పుడు నా కాలేయం తిన్నవాళ్లకూ అంతేనా?"

"ఎవరికైనా పెట్టాలనుందా?"

"మా చెల్లికి."

నూనె, మాత్రలు, కాలేయం మూడూ మాన్పించారు. తలనొప్పి నెలలో తగ్గింది. వేసవికి జుట్టు కోడిపిల్ల నూగులా మొలిచింది. కాలు మాత్రం కుంటుగానే మిగిలింది. ఇప్పుడామె కొట్లో నూనె సీసా అందుకున్న వాళ్లనల్లా ఆపి, రోజుకెంత తాగుతారని నిలదీస్తుంది. చెంచాడు అంటే, ఆ చెంచా చూపించమంటుంది.