తెగని టెండన్

తెగేదాకా లాగకూడదంటారు పెద్దలు. ఎన్ని ఊళ్లు తిరిగినా, తెగేదాకా లాగడమే ఉద్యోగమైన మనిషిని మా మేనకోడలినే చూశాను. మోకాట్లో తెగిన లిగమెంటుకు బదులుగా అమర్చే టెండన్, అంటే కండను ఎముకకు కలిపే పట్టీ, ఎంత బలానికి తెగుతుందో యంత్రానికి బిగించి పరీక్షిస్తుంది. నేను తన ల్యాబుకు వెళ్లిన రోజు పరీక్షించాల్సింది ఒక్కటే మిగిలింది. అది తెగితేనే ఏడాది పని పూర్తవుతుంది. తడిగా ఉంచితే పటకారులోంచి జారుతోంది. ఆరనిస్తే జారదు, కానీ గట్టిపడిపోయి లెక్క అబద్ధమవుతుంది.

“కాస్త తుడిచెయ్యవే, ఎవరు చూడొచ్చారు?” అన్నాను విసుగ్గా.

“ఆ లెక్క నమ్మి నీ మోకాలు బాగుచేస్తే ఒప్పుకుంటావా మామయ్యా?”

మళ్లీ ఉప్పునీళ్లు చల్లి బిగించింది. మళ్లీ జారింది. ఈసారి కొస నలిగి పీచులైపోయింది, ఇక పరీక్షకు పనికిరాదు.

“తెగి చచ్చినా ఓ లెక్క దక్కేది,” అంటూ చేతి తొడుగులు లాగి చెత్తబుట్టలోకి విసిరింది.