ఫర్హీన్ కోరుకున్న కాలేజీ

కొమురవెల్లిలో గాజులు అమ్ముతూ కూతురు ఫర్హీన్‌ను ఇంటర్ దాకా చదివించిన జైతూన్‌బీకి, ఇంటికొచ్చిన ప్రైవేటు కాలేజీ ఏజెంటు పెద్దసారులా కనిపించాడు. అడగగానే ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పేసింది. దానితో అతడు డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైటులో ఫర్హీన్ పేరున తన కాలేజీ ఒక్కదాన్నే నమోదు చేశాడు. ఆమె కోరుకున్నదేమో సిద్దిపేట ప్రభుత్వ కాలేజీ. చట్టం భాషలో దీని పేరు మోసం.

సంగతి తెలిశాక జైతూన్‌బీ కూతుర్ని వెంటబెట్టుకొని డిగ్రీ ప్రవేశాల సహాయ కేంద్రానికి వెళ్లింది. "చేతులార పిల్ల సీటు పోగొట్టిన సార్!"

"ఏం పోలేదమ్మా. ఏ కాలేజన్నది పిల్ల ఇష్టం, రూలే అట్లుంది," అంటూ అధికారి ఫర్హీన్ వేలిముద్ర తీసుకొని ఆ నమోదును రద్దు చేశాడు. ఆమె సిద్దిపేట కాలేజీని తానే ఎంచుకుంది.

జైతూన్‌బీ గుండె కుదుటపడింది. ఏజెంటుపై ఫిర్యాదుకు సంతకం చేసింది.

"తప్పు నాదేనని ఇన్నొద్దులు ముద్ద మింగలే సార్. ఇగ ఆడు ముద్ద మింగకుండ చూడుండ్రి!"