లేరంటే ఎక్కడికెళ్లినట్టు

అత్యవసర విభాగంలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లుగా నర్సు. ఏటా కొత్తగా చేరే ఇంటర్న్‌లకు విభాగమంతా తిప్పి చూపించేది ఆమే. ఎవరూ అప్పగించలేదు, తానే అడిగి నెత్తికెత్తుకుంది.

ఆ ఉదయం ఆరుగురు వచ్చారు. తెల్లకోట్ల ఇస్త్రీ మడతలింకా చెదరలేదు.

"ఆక్సిజన్ సిలిండర్ తిప్పే కీ ఈ గొలుసుకే ఉంటుంది. మరిచిపోయి జేబులో వేసుకెళ్లారో, ఇక్కడ ఒకరి ప్రాణం మీదికొస్తుంది. ఆ బీరువాలో గుండె మందులు. ఏది ఏ అరలో ఉందో గుర్తుపెట్టుకోండి. చేతులు వణికేటప్పుడు అక్షరాలు కనపడవు."

ఒకడు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

మూడో మంచం దాకా వచ్చేసరికి తలుపులు తోసుకుని స్ట్రెచర్ వచ్చింది. లారీ మెకానిక్, నలభై ఏళ్లుంటాయి. పనిచేస్తూనే కుప్పకూలాడట. చేతులకింకా గ్రీజు ఉంది. డ్యూటీ డాక్టరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంటర్న్‌లతో ఒకరి తర్వాత ఒకరితో నొక్కించింది పెద్దక్క. నలభై నిమిషాలైనా మానిటర్ మీద గీత లేవలేదు.

డాక్టరుకు అప్పటికే ఇంకో కేసు. "బయట వాళ్లావిడ ఉంది, ఎవరైనా చెప్పండి," అని వెళ్లిపోయాడు. ఇంటర్న్‌లలో కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి ముందుకొచ్చింది.

బెంచీ మీద భార్య, భర్త చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చాలా ప్రయత్నించామమ్మా. ఆయన లేరు."

"లేరా? ఏ రూముకి మార్చారు డాక్టరమ్మా?" ఆవిడ లేచింది. "చెప్పుల్లేకుండా నడవలేరు, ఇచ్చొస్తాను."

అమ్మాయి పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క వెళ్లి ఆవిడను కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"చెల్లీ, మీ ఆయన చనిపోయారు. గుండె ఆగిపోయింది. మళ్లీ కొట్టుకునేలా చేయలేకపోయాం."

ఆవిడ పెద్దక్క భుజాల మీద రెండు చేతులా కొట్టింది. కొడుతూనే ఉంది. పెద్దక్క కదల్లేదు.

లోపల ఆ అమ్మాయి చేతులు కడుక్కుంటూ ఏడుస్తోంది. "ఆ మాట నోటికి రాలేదు పెద్దక్కా."

"మా తమ్ముడు ఇక్కడే చనిపోయినప్పుడు మా అమ్మకూ 'లేడు' అనే చెప్పారు. ఎక్స్‌రేకి తీసుకెళ్లారనుకుని ఆ గది ముందు రెండు గంటలు కూర్చుంది. నేను పైవార్డులోనే డ్యూటీలో ఉన్నాను, నాకు తెలీదు. చివరికి నేనే చెప్పాల్సొచ్చింది." పెద్దక్క కుళాయి కట్టేసింది. "నర్సువై ఉండి నీకు తెలీదా అని, అమ్మ బతికినన్నాళ్లూ నన్నే అంది."

తర్వాత మరణ ధ్రువీకరణ కాగితం తెచ్చి అమ్మాయి ముందు పెట్టింది. అమ్మాయి టైము రాసింది, కారణం రాసింది, అక్కడ ఆగిపోయింది.

"ఆయన పేరు తెలీదు."

"వెళ్లి అడుగు."

అమ్మాయి కాగితం పట్టుకుని బయటికెళ్లింది. పెద్దక్క మిగిలిన ఐదుగురినీ నాలుగో మంచం దగ్గరికి తీసుకెళ్లింది.