ఒకటిన్నర దేశాల కోకో యాత్ర

పదిహేనేళ్ళ కిందటి సంగతి. ఇప్పటి పిల్లలు ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కి వస్తువు ఇంటికి తెప్పించుకుంటున్నారు గానీ, నేను మీసం కొత్తగా దువ్వుకుంటున్న ఆ రోజుల్లో మా చిత్తూరు మండీ వీధిలో ధర అనేది ఒక అంకె కాదు, ఒక పూట పని. మా నాయనది బెల్లం, చింతపండు వ్యాపారం. అచ్చులు రాయడం వచ్చేలోగానే నాకు సరుకుకు వంక పెట్టడం వచ్చేసింది. నచ్చిన సరుకు కనబడగానే మొహం చిట్లించాలి, వాసన చూసి ముక్కు తిప్పాలి, బొటనవేలితో నొక్కి నిట్టూర్చాలి. ధర అడగడం ఆఖర్న. “నచ్చినట్టు మొగం పెట్టినావంటే అయిపాయ, నీ జేబు వాళ్ళ సేతిలో పెట్టినట్టే” అనేవాడు మా నాయన. ఆయనకు ఇది వ్యాపార రహస్యం కాదు, స్వభావం. (ఒకసారి గుండె పరీక్షకని తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్తే, రిపోర్టు అంతా బాగుందని డాక్టరు చెప్పగానే, “కాగితం బో పల్సగా ఉండాదే సార్” అన్నాడు.)

ఇలాంటి వంశంలో పుట్టిన నాకు చాక్లెట్ మీద ప్రేమ ఎలా పుట్టిందంటే, నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, దాని ధర చీటీ చూసి పుట్టింది. మద్రాసులో ఒక అద్దాల కొట్లో చేత్తో చేసిన చాక్లెట్ పలక ఒకటి చూశాను. అరచేతిలో సగం కూడా లేదు. దాని ధరకు మా మండీలో బెల్లం దిమ్మలు బుట్టకెత్తుకోవచ్చు. అన్నిటికంటే విచిత్రం, కొనేవాళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా ఇచ్చి పోతున్నారు. కొనుక్కుని తిన్నాను. ముందు చేదు, తర్వాత పులుపు, ఆ తర్వాత ఎప్పటికోగానీ తీపి. బస్సు రాణిపేట దాటేదాకా నోట్లో రుచి అలాగే ఉంది. కాట్పాడి చేరేలోపు నా జీవితం నిర్ణయించేసుకున్నాను.

కోకో గింజలు పండే చోటికి పోయి, చెట్టు చూసి, రైతు దగ్గరే కొని, నేనే చాక్లెట్ చేస్తానని ఇంట్లో చెప్పాను. ఘనా, ఈక్వడార్, మడగాస్కర్, ఇండోనేషియా, వియత్నాం అని కాగితం మీద రాసి మా నాయన ముందు పెట్టాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎన్ని దేశాలు?”

“ఐదు, నాయనా.”

“ఒకటి సేసుకో.”

“ఒక దేశం సూస్తే ఏం తెలుస్తాది? మూడన్నా సూడాల.”

“ఒకటిన్నర. ఇంగ పైకి రాను.”

అలా భూగోళం కూడా మా ఇంట్లో బేరానికొచ్చి తగ్గింది. ఒకటి వియత్నాం, అర కేరళలో ఇడుక్కి. దానికి తోడు షరతు. “ఇరవై కిలోలు తీసుకోని రా. దాంతో నువ్వు సేసింది నేను తిని బాగుందంటే నీ దోవ నీది. ల్యాకుంటే శ్రావణం మొదటి శుక్రవారం నుంచి మండీలో కూసో. మళ్ళా సాక్లెట్టు అనే మాట ఈ ఇంట్లో ఇనబడగూడదు.” నాకు చింతపండు దుమ్ముకు తుమ్ములొస్తాయి. ముప్ఫై ఏళ్ళు తుమ్ముతూ బతకడమా, చాక్లెట్ చేస్తూ బతకడమా అన్నది ఆ ఇరవై కిలోల మీద ఆధారపడింది.

ఇడుక్కిలో నా అరదేశం అరపూటలో ముగిసింది. వాన. పనసకాయ కాసినట్టు మాను మీదే కాసిన కోకో కాయల్ని గొడుగు కింద నుంచి చూశాను. పంటంతా ముందే ఎవరికో మాటిచ్చేశారట. ఇక మిగిలింది వియత్నాం. (విత్తనాలో గింజలో దేశంలోకి తేవడానికి కావలసిన కాగితాల కోసం నేను ఎక్కిన మెట్ల గురించి ఇక్కడ రాయను. మోకాళ్ళు ఇప్పటికీ నొప్పి.)

వియత్నాంలో పెద్ద నది పాయలు పాయలుగా చీలే చోట, కాలవల పక్కన కొబ్బరితోటల నీడలో కోకో పండిస్తారు. నేను దిగిన ఇంటావిడ రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మ. ఆమే పడవలో నన్ను ఒక తోటకు తీసుకెళ్ళింది. ఆ తోట యజమాని డెబ్భై ఏళ్ళ ముసలావిడ. పేరు నా నాలుక తిరగక నేను ‘అవ్వా’ అనే పిలిచాను, ఆమె పలికింది. అవ్వ మాటల్ని టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పేది, ఆ ఇంగ్లీషును నా చెవి తనంతట తాను చిత్తూరు మాటల్లోకి మార్చుకునేది. కాబట్టి వాళ్ళిద్దరూ నా జ్ఞాపకంలో చిత్తూరు మనుషుల్లాగే మాట్లాడతారు. ఇక్కడా అలాగే రాస్తాను.

అవ్వ పెరట్లో వెదురు తడికెల మీద గింజలు ఎండుతున్నాయి. పక్కన కొట్టంలో చెక్క పెట్టెలు, వాటిపైన అరిటాకులు, ఆపైన గోనెసంచులు. గింజలు చూడగానే నా గుండె గంతేసింది. అంచేత వెంటనే మొహం చిట్లించాను. “ఏందో వాసనొస్తా ఉండాదే, సెప్పండి” అన్నాను టీచరమ్మతో. ఆమె చెప్పింది. అవ్వ గబగబా వచ్చి ఆ తడికె మీద వంగి వాసన చూసింది. నా వంక చూసింది. తడికె ఎత్తి లోపల పెట్టి వచ్చింది.

నాకు సంతోషమైంది. మా వీధిలోనూ అంతే, “నీకు అమ్మేదే ల్యా, పో” అని సరుకు మూత పెట్టడంతోనే అసలు బేరం మొదలయ్యేది. ముసలిది గట్టిదే అనుకుని రెండో తడికె దగ్గరకు పోయాను. “రంగు ఒక తీరుగా లేదే” అన్నాను. అదీ లోపలికి పోయింది. మూడోదాంట్లో గింజ విరిచి, “లోపలంతా పగుళ్ళు” అన్నాను. అదీ పోయింది. పెట్టె మీది అరిటాకు ఎత్తితే ఘాటుగా పులిసిన వాసన గుప్పుమంది. “ఇది కుళ్ళిపోయిందని సెప్పండి” అన్నాను, మా నాయన చూసి ఉంటే బాగుండునని మనసులో అనుకుంటూ. అవ్వ ఆకు కప్పేసి, పైన ఇంకో గోనె వేసి, కొట్టం తలుపు గడియ పెట్టింది. పదకొండు గంటలకల్లా పెరడు ఖాళీ. ఒక కోడి తిరుగుతోంది. దానికి మాత్రం నేను వంక పెట్టలేదు.

ఇక రెండో అంకం. వెళ్ళిపోవడం. చిత్తూరులో మనం వెనక్కి తిరిగి నడిస్తే పదో అడుగులోపు “ఓ అప్పా, రాప్పా ఈడికి” అని పిలుపొస్తుంది. నడిచాను. పది అయింది. పన్నెండు. పదిహేను. పద్దెనిమిదో అడుగుకు కాలవ వచ్చింది. ఆ తర్వాత అడుగు వేయాలంటే ఈత రావాలి. మెల్లిగా తిరిగి చూశాను. అవ్వ చెయ్యి ఊపుతోంది. రమ్మని కాదు, క్షేమంగా వెళ్ళి రమ్మని. నిండు మనసుతో ఊపుతోంది. టీచరమ్మ కొబ్బరిబోండాం తాగుతూ కూర్చునే ఉంది.

తిరిగి వచ్చాను. అంత పొడుగైన పద్దెనిమిది అడుగులు నేను ఇంకెప్పుడూ నడవలేదు.

“ఏమన్నా మర్సిపోయినావా అంటా ఉండాది అవ్వ” అంది టీచరమ్మ.

“నాకు సరుకు కావాల.”

“నువ్వే గదప్పా బాగలేదంటివి?”

“బాగుంది.”

“మరి బాగలేదని యాల సెప్పినావు?”

“ధర తగ్గిస్తారని.”

టీచరమ్మ బోండాం కింద పెట్టింది. “ధర ఎంతని నువ్వు అడగనే లేదే!”

నిజమే. అడగలేదు. ఈ సంగతంతా ఆమె అవ్వకు విప్పి చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు అవ్వ మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. ఆఖరికి నన్ను కింది నుంచి పైదాకా చూసి, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడింది.

“బాగలేదని నోటితో అన్న సరుకు నీకు కట్టి అంత దూరం పంపితే నాకు నిద్ర పట్టదు నాయనా. నీకు మంచిదేదో సెడ్డదేదో తెలీదు. తప్పు ల్యా, యాపారస్తుడివి. కాయ కోసేకాడి నుంచి ఎండేదాకా నువ్వే సెయ్యి. తెలిసినాక అడుగు, ఇస్తాను.”

“ఎన్ని రోజులు?”

“పెట్టెలో ఆరు. ఎండలో ఏడు. వానొస్తే దేవుడికెరక.”

నా తిరుగు టికెట్ నాలుగో రోజుకు ఉంది. ఇంటికి ఫోన్ చేశాను.

“యాడుండావు?” అన్నాడు మా నాయన.

“కాలవ గట్టున.”

“సరుకో?”

“ఇంకా కాయ లోపలే ఉండాది నాయనా.”

అవతల ఎవరికో బెల్లం తూచి ఇచ్చినట్టున్నాడు. తర్వాత, “శ్రావణం మాత్రం కాయలోపల లేదబ్బోడా, వస్తా ఉండాది” అని పెట్టేశాడు.

టికెట్ మార్చడానికయిన దండగ, అవ్వ గింజలు ఊరికే ఇచ్చినా పూడేది కాదు. అయినా మార్చాను. తుమ్ములు గుర్తొచ్చాయి.

కాయలు కోశాను. కర్రతో కొట్టి పగలగొడితే లోపల సీతాఫలం తొనల్లా తెల్లటి గుజ్జు, గుజ్జులో గింజలు. పెట్టెలో పోసి ఆకులు కప్పాం. రెండో రోజు చెయ్యి పెడితే వేడి. నిప్పు లేకుండా అంత వేడి ఎక్కడిదని అడిగితే, “దాని కోపం దానికి” అంది అవ్వ. చెక్క పారతో గింజల్ని ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి తిరగెయ్యాలి. మూలలు వదిలేశావని తిట్టేది. (తిట్లను టీచరమ్మ తర్జుమా చేసేది కాదు. అక్కర్లేదు.) నా చొక్కాలు, జుట్టు, కలలు అన్నీ వెనిగర్ వాసన. దోమలు కూడా నా మీద వాలడం మానేశాయి. మూడో రోజు అనుకుంటాను, నేను కుళ్ళు అన్న ఆ పులుపు వాసన కిందుగా ఇంకో వాసన తగిలింది. మద్రాసు అద్దాల కొట్లోది. పులవకపోతే ఆ గింజలో చాక్లెట్టే పుట్టదని, నేను ఏ పెట్టెను చూసి ముక్కు తిప్పానో అందులోనే నేను వెతుక్కుంటూ వచ్చింది తయారవుతోందని, అప్పుడు అర్థమైంది. అవ్వతో ఆ మాట అంటే, “ముక్కు ఉండాదే, పరవాల్యా” అంది.

పద్నాలుగో రోజు, వాన దయవల్ల ఇంకొక్క రోజు ఎక్కువై, అవ్వ నాలుగు తడికెలు వరసగా పెరట్లో పరిచింది. ఒకటి నాది. ఏది నాదో చెప్పలేదు. “ఇప్పుడు సెప్పు” అంది.

వంక పెట్టడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. మెచ్చుకోవాలంటే మాత్రం నోరు పెగల్లేదు. అమ్మేవాడి ఎదురుగా సరుకు బాగుందని అన్నవాడు మా ఇంట్లో మూడు తరాల్లో లేడు. గొంతు సవరించుకున్నాను. మొదటి తడికె గింజ విరిచి, “ఇది బాగుంది” అన్నాను. చెవులు వేడెక్కాయి. రెండోది, “ఇది ఇంకా బాగుంది.” చెమట పట్టింది. మూడోదాంట్లో కొన్ని గింజలు లోపల ఊదారంగు మీదే ఉన్నాయి, నాలిక్కి వగరు తగిలింది. మూలల్లో సరిగ్గా తిరగెయ్యనివి. “ఇది బాలేదు” అన్నాను. “ఇది నాదే.”

అవ్వ మొదటిసారి నవ్వింది. పై పళ్ళు రెండే ఉన్నాయి. “నీది ఈడనే ఉండనీలే, మేం ఎట్లనో సూసుకుంటాం” అని తన గింజలు ఇరవై కిలోలు తూచి, సంచి మూతి తనే కుట్టింది. అప్పుడు ధర చెప్పింది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

చిత్తూరులో బస్సు దిగి సంచి భుజాన వేసుకుని మండీకే పోయాను. మా నాయన గింజ కొరికి, “ఎంత?” అన్నాడు. చెప్పాను. “తగ్గించింది ఎంత?” అన్నాడు. “తగ్గించలేదు” అన్నాను. పక్క మండీ ఉప్పు మామ గల్లా వదిలి వచ్చి, మా నాయన భుజం మీద చెయ్యి వేసి, పరామర్శకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. శ్రావణానికి వారం ఉంది.

గింజలు మా అమ్మ ఇనప బాణలిలో వేయించింది, చేటలో చెరిగి పొట్టు తీసింది. చక్కెర చేర్చి దోసెలపిండి గ్రైండర్‌లో వేస్తే అది రెండు రోజులు, రెండు రాత్రులు తిరిగింది. ఆ వారం మా ఇంట్లో ఇడ్లీల్లేవు. నల్లటి ముద్దను ఐసు ముక్కల పళ్ళెంలో పోసి గడ్డ కట్టించి, ఒక ముక్క పట్టుకుని మండీకి పరిగెత్తాను. అప్పుడు మా నాయన పలమనేరు నుంచి వచ్చిన బెల్లం రైతుతో మంచి బేరంలో ఉన్నాడు. చేతిలో పెడితే చూడకుండానే నోట్లో వేసుకున్నాడు.

చాక్లెట్ నమిలేది కాదు, కరగాలి. ఆయన నోరు మూసుకుని ఎటో చూస్తూ కూర్చుండిపోయాడు. రైతు కొంచెంసేపు చూసి, “సరే, ఇంగొంచెం తగ్గిస్తాను” అన్నాడు. మా నాయన పలకలేదు. “ఏమప్పా అంత మొండిగుండావు, ఇదే ఆఖరు” అని ఇంకా తగ్గాడు. మా నాయన చెయ్యి ఎత్తి కాస్త ఆగమన్నట్టు చూపించాడు.  చివరికి మింగాడు. రైతుతో, “నువ్వు మొదట సెప్పిందే ఇస్తాలే, పో” అన్నాడు. ఆ రైతు, నేను, పక్క మండీలోంచి ఉప్పు మామ, ముగ్గురం ఒకేసారి ఆయన వంక చూశాం. ఆయన నా వైపు తిరక్కుండానే అన్నాడు: “ఇంటెనక గది తాళంసెవి మీ అమ్మకాడ ఉండాది. గ్రైండరు మాత్రం కొత్తది కొనుక్కో.”

తిరుపతిలో ఇప్పుడు నాకు చిన్న చాక్లెట్ కొట్టుంది. దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళు లడ్డూ సంచితో లోపలికి వచ్చి, ఇంత చేదేమిటని అడిగి, అయినా ఒకటి కట్టించుకుని పోతారు. టీచరమ్మ నాలుగేళ్ళ కిందట రాసింది, అవ్వ కొడుకులు కోకో చెట్లు కొట్టేసి పంపరపనస పెట్టారట. ఇంటి దగ్గరి ఆరు చెట్లను మాత్రం అవ్వ ముట్టుకోనివ్వలేదట. ఆనాటి ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. మొహం చిట్లించుకుని, అంతా తెలిసినవాడిలా నడుం మీద చెయ్యి పెట్టుకున్న కుర్రాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. మొన్న మా అమ్మాయి అడిగింది, ఆ మొదటి గింజలు కిలో ఎంతకు తెచ్చినావు నాయనా అని. చెప్పబోయి ఆగిపోయాను. ఎంత తడుముకున్నా అంకె దొరకలేదు. పెట్టెలోని వేడి గుర్తుంది, సంచి కుట్టిన పురికొస రంగు గుర్తుంది, ధర లేదు. మా వంశంలో కొన్న ధర మర్చిపోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.