మా బాపమ్మ ఆర్పిన పొయ్యి

నా చిన్నప్పుడు ఒకరోజు మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, అన్నం ఉడుకుతుండగానే పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచి గిన్నె మీదా, మూత మీదా, నా నెత్తి మీదా పడింది. నేను అప్పటికే పళ్లెం ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆకలి మీదున్న పిల్లవాడికి అంతకు మించిన అన్యాయం ఏముంటుంది? గుక్కపట్టి ఏడ్చాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

ఈ సంగతి సౌదీలోని అభా పట్టణంలో కూర్చొని రాస్తున్నాను. ఈ దేశానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఈ కొండల మీది పొగమంచులో భవనాల పైపులు, మోటార్లు బాగుచేస్తూ చేస్తూనే, క్యాంపులో కుర్రాళ్లంతా కాకా అని పిలిచే వయసుకు చేరాను. మా బండి నడిపే యెమెన్ దేశపు డ్రైవరు ఇంట్లో జరిగిన ఘోరం వల్ల ఇన్నాళ్లకు ఆ పొయ్యి మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. అతడి సంగతి తర్వాత చెప్తాను. ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మాది ఉత్తర తెలంగాణలో అడవి అంచున ఉన్న ఊరు. నా చిన్నతనంలో అక్కడ యుద్ధం నడిచింది. విప్లవం కోసం తుపాకి పట్టుకొని అడవిలోకి పోయినవాళ్లను అన్నలు అనేవాళ్లం. వాళ్లు వచ్చిపోయిన మర్నాడు పోలీసులు వచ్చేవారు. ఇద్దరికీ జవాబు చెప్పలేక ఊరు నలిగిపోయేది. పోలీసులకు ఎవరైనా కబురు చేరవేస్తున్నాడని అన్నలకు అనుమానం వస్తే, అతడి మీద ఇన్‌ఫార్మర్ అనే మాట పడేది. ఆ మాట పడ్డాక మనిషి సగం చచ్చినట్టే. అడవిలో ప్రజాకోర్టు పెట్టి విచారించేవారు. తప్పు తేలిందంటే కాల్చేసేవారు. వకీలు లేడు, అప్పీలు లేదు.

మా పక్కింటి చిన్నాయన పాల వ్యాపారం చేసేవాడు. రోజూ పొద్దున్నే సైకిలుకు క్యాన్లు తగిలించుకొని తాలూకాకు పోయి, ఠాణా ఎదురుగా ఉన్న హోటలుకు పాలు పోసి వచ్చేవాడు. ఒకసారి మా వాగు ఒడ్డున ఇద్దరు అన్నలు పోలీసు తూటాలకు చనిపోయారు. వాళ్లు అక్కడ దిగిన సంగతి పోలీసులకు ఎలా తెలిసింది? రోజూ ఠాణా ముందు నిలబడేవాడు ఎవరు? ఊరంతటికీ ఒకే పేరు తట్టింది. కొన్నాళ్లకు పట్టపగలే అన్నల దళం వచ్చి చిన్నాయనను అడవిలోకి తీసుకుపోయింది. విచారణ జరిపి తీర్పు చెప్తామన్నారు.

ఆయన నిజంగా చెప్పాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా బాపమ్మకూ తెలియదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన నిర్దోషి అని నమ్మి ఆమె ఆ పని చేసిందనుకుంటే అది పొరపాటు.

ఆ రోజు నుంచి ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. పోతే ఇన్‌ఫార్మరు మనుషులని అన్నలకు కోపం వస్తుంది. ఏం తెలుసో చెప్పమని పోలీసులు పట్టుకుపోతారు. ఆయన భార్య చిన్నమ్మ వాకిట్లో స్తంభానికి ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఆమె ఇద్దరు కూతుళ్లు నాతో రోజూ ఆడుకునేవాళ్లు. వాళ్లూ బయటికి రావడం మానేశారు. గోడకు చెవి పెట్టి వింటే చిన్నది అన్నం కోసం ఏడవడం వినిపించేది. మా అమ్మ ఒకటి రెండుసార్లు గిన్నెలో అన్నం సర్దింది గానీ, మా నాయన వద్దన్నాడు. ఆయనను తప్పు పట్టలేను. ఆయన ప్రాణంలో మా అందరి ప్రాణం ఉంది.

అప్పుడే మా బాపమ్మ పొయ్యి ఆర్పేసింది. చూరు కింద ఉన్న కుండపెంకు తీసుకొని, ఏడుస్తున్న నన్ను రెక్క పట్టి లేపి, బయలుదేరింది. అగ్గిపెట్టె కొనడం దుబారా అనుకునే రోజులవి. పొయ్యి ఆరిపోతే పక్కింటికి పెంకు పట్టుకొని పోయి నిప్పు తెచ్చుకోవడమే అందరికీ అలవాటు. నిప్పు అడిగితే కాదన్న ఇల్లు లేదు, నిప్పు కోసం పోయినవాళ్లను ఎందుకు పోయావని అడిగినవాళ్లూ లేరు. మా నాయన వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

“నీకు మతి ఉన్నదా అమ్మా? ఎవలన్న జూస్తే మన మీదికి గూడ వస్తరు.”

“నా పొయ్యి ఆరిపోయింది. నిప్పుకు పోతున్న. అడిగినోళ్లకు గదే చెప్పు,” అని ఆమె పక్కనుంచి దాటి వచ్చేసింది. మా బాపమ్మ నోటికి ఊళ్లో పట్వారీ కూడా జంకేవాడు, ఇక మా నాయన ఎంత?

వీధి పొడుగునా ఎన్నో ఇళ్లలోంచి పొగ వస్తోంది. అవన్నీ వదిలేసి ఆమె పొగ రాని ఒకే ఒక్క ఇంటికి పోయింది. చిన్నమ్మను పలకరించలేదు, ఓదార్చలేదు, చిన్నాయన పేరే ఎత్తలేదు. జరంత నిప్పు పెట్టవే, పోరడు ఆకలికి సచ్చిపోతుండు అని, నన్ను ముందుకు తోసింది. చిన్నమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది. తమ పొయ్యి కూడా ఆరిపోయిందని చెప్పింది. అయితే ముట్టియ్యి, నేను కూసుంటా అని బాపమ్మ తీరిగ్గా చతికిలబడింది.

అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపడం చిన్నమ్మకు చేతకాలేదు. గోడ పట్టుకొని లేచింది. పిడకలు తెచ్చింది. గూట్లో వెతికి, మిగిలిన అగ్గిపుల్ల ఒకటి గీసింది. వంగి ఊదడానికి కూడా ఆమెలో బలం లేదు, మధ్యమధ్య ఆగి రొప్పింది. మంట లేచాక నేను పెంకు చాచబోతే బాపమ్మ నా చెయ్యి వెనక్కి లాగింది. ఇంకా నిప్పులు కాలేదు, బాగా కాలనీ, ఊరికే మంట పోగొట్టుడెందుకు, ఎసరు పెట్టరాదే అంది. చిన్నమ్మ ఎసరు పెట్టింది. అది మరిగేదాకా బాపమ్మ నిప్పులు బాగాలేవంటూనే ఉంది. పిల్లలిద్దరూ ఆ ఎసట్లో ఉడికిన జొన్న గటక తిని, చిన్నమ్మ కూడా రెండు ముద్దలు నోట్లో పెట్టుకున్నాక గానీ ఆమెకు నిప్పులు నచ్చలేదు. అప్పుడు పెంకులో వేయించుకొని, వీధి నడుమ నుంచి అందరూ చూస్తుండగా ఇంటికి నడిచింది.

మర్నాడు కూడా మా పొయ్యి ఆరిపోయింది. ఆ మర్నాడు కూడా. నేను ఏడవడం మానేశాను. అన్నం ఎలాగూ ఆలస్యమవుతుందని ముందే కాసిన్ని పేలాలు జేబులో పోసుకునేవాడిని.

చివరికి ఒక పొద్దున గొర్లకాపరి పరుగెత్తుకొచ్చాడు. చిన్నాయన శవం అడవి దారిలో ఉంది. చిన్నమ్మ అరుపు మా గోడలోంచి వచ్చింది. అలాంటి అరుపు మళ్లీ నేను వినలేదు, వినకూడదు. ఆయనను మట్టి చేసి వచ్చాం. సాయంత్రం మా అమ్మ పొయ్యి ముట్టించింది. బాపమ్మ ఆ వేళ మంచం దిగలేదు, గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మా నాయన లేచి, చెంబుతో నీళ్లు ముంచి, పొయ్యిలో పోశాడు. తర్వాత పెంకు తీసి నా చేతికి ఇచ్చాడు.

ఇప్పుడు మా డ్రైవరు సంగతి. యెమెన్‌లోనూ విప్లవం పేరుతోనే యుద్ధం నడుస్తోంది. అతడి అన్న ఆ దేశ రాజధాని సనాలో బడి పంతులు. సనాను ఏలుతున్న తిరుగుబాటుదారులు అతణ్ణి శత్రువులకు గూఢచారి అని పట్టుకుపోయి, బోనులో నిలబెట్టి విచారించి, మరణశిక్ష వేశారు, అమలు ఎప్పుడో చెప్పలేదు. ఆ వీడియో ఫోనులో నాకు చూపించాడు. బోనులో ఉన్నవాళ్లలో అన్న ఎవరో ముందు తానే గుర్తుపట్టలేకపోయానని చెప్పాడు, అంతగా చిక్కిపోయాడట. ఆ తర్వాత అతడు గదిలోంచి బయటికి రాలేదు, ముద్ద ముట్టలేదు. క్యాంపులో అందరికీ అతడంటే జాలే. కానీ ఆ గది ముందు నుంచి పోవాల్సివస్తే చుట్టూ తిరిగి పోయేవారు. మా ఊరి కుర్రాడే ఒకడు నాకు బుద్ధి చెప్పాడు. “మనకెందుకు కాకా గా లొల్లి? ఇకామాకే ఎసరు వస్తది.” ఇకామా అంటే మేము ఇక్కడ ఉండటానికి సర్కారు ఇచ్చే అనుమతి కార్డు.

నాకు షుగరు వల్ల ఎడమ కన్ను మసకబారి చాలా కాలమైంది. ఆసుపత్రికి పోవడం వాయిదా వేస్తూ వస్తున్నాను. నేను ఆ గదికి పోయి, మంచం పక్కన కూర్చొని, కన్ను కనబడటం లేదు, డాక్టరుకు అరబ్బీలో చెప్పేవాళ్లు లేరు, నన్ను తీసుకుపోవాలి అన్నాను. అతడు లేచి ముఖం కడుక్కున్నాడు. దారిలో నాకు టిఫిను కావాలంటే ఆగాడు, నాతోపాటు రొట్టె తుంచాడు.

అరబ్బీ, హిందీ కలిపిన మా క్యాంపు భాషలో చిన్నాయన కథ చెప్పాను. ఆ మనిషి తిరిగి వచ్చాడా అని అడిగాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. రాలేదు అన్నాను. అతడు బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకొని ఏడ్చాడు. చావును ఆపే ఉపాయం మా బాపమ్మకు తెలియదు, నాకు అసలే తెలియదు. ఆమె నుంచి నాకు మిగిలింది ఒక్కటే. బతుకు మీద ఆశ వదిలిన మనిషి దగ్గరికి ఇవ్వడానికి పోతే అతడు తీసుకోలేడు, అడగడానికి పోతే లేస్తాడు.

కన్ను చూసిన డాక్టరు నెల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. ఆ మాట నాకు హిందీలోకి మార్చి చెప్పింది ఆ డ్రైవరే. అయినా క్యాంపు ముందు నన్ను దింపుతూ, రేపు కూడా ఆసుపత్రికి పోవాలి కదా అని అడిగాడు.

పోవాలి అన్నాను.